రాజరత్నం పొయ్యని నీళ్ళు

ఎవరు పరలోకానికి వెళ్తారో, ఎవరు వెళ్ళరో రాజరత్నానికి బాగా తెలుసు. కనీసం తెలుసనే అనుకునేది. తెల్లచీర, చేతిసంచీ, నల్లగొడుగుతో ముప్పై ఏళ్ళపాటు భీమవరం చుట్టుపక్కల కాలవగట్లన్నీ తిరిగిన మనిషి. మిషనువాళ్ళ లెక్కలో ఆవిడ ఉద్యోగం పేరు బైబిలు ఉమన్. ఊళ్ళో అందరికీ రత్నమ్మ టీచరు. ఎవరి గుమ్మంలో కూర్చున్నా రెండో మాటకే "రక్షణ పొందేరా?" అని అడిగేసేది. అవతలివాళ్ళు పిడకలు కొడుతున్నా సరే, పిల్లకి పేలు చూస్తున్నా సరే. పొందలేదన్నారో, ఆ పూటకి వాళ్ళ పని గోవిందా.

పుట్టింది మొగల్తూరు పక్కన మాలపల్లెలో. తండ్రి రాజుల కమతంలో పాలేరు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త సత్తియ్య కలరాతో పోయాడు. పిల్లల్లేరు. అయినవాళ్ళు ఇంకో సంబంధం చూస్తామంటే వద్దని, మిషను దొరసాని కాళ్ళావేళ్ళా పడి రాజమండ్రి వెళ్ళి బైబిలు ట్రెయినింగు చదువుకుంది. చదువుతో పాటు నోరూ వచ్చింది. తలమీద నీళ్ళు చిలకరిస్తే బాప్తిస్మం కాదు, మనిషిని నిలువునా ముంచితేనే రక్షణ అని కొత్త సంఘంవాళ్ళెవరో అంటే, సంతలో చేపలబుట్టల మధ్య నిలబడి వాదనేసుకుంది. "దేవుడికి ఎన్ని బిందెలైతే సరిపోతాయండీ?" అని ఆవిడ అడిగితే బుట్టలవాళ్ళు కూడా పనాపేసి నవ్వారు.

ఇలాంటి మనిషికి సుభద్రమ్మగారి ఇంట్లోకి దారి దొరికిందంటే అది లేసు అల్లిక పుణ్యమే. సుభద్రమ్మగారిది పెద్ద రాజుల కుటుంబం. ఆడవాళ్ళకి ఘోషా. గుడికి వెళ్ళాలన్నా కారు అద్దాలకి తెరలు కట్టవలసిందే. భర్త పోయి, కోడలు ఇంటి పెత్తనం అందుకున్నాక ఆవిడకి పొద్దుపోయేది కాదు. లేసు నేర్పడానికి మిషను టీచరు వస్తుందంటే కొడుకు జగపతిరాజు కాదనలేదు. అల్లికతో పాటు నాలుగు వాక్యాలు చదివి వినిపిస్తుందట అని ఎవరో చెబితే, "చదవనీండి, అమ్మకి కాలక్షేపం" అన్నాడు.

ఆ ఇంట్లో ఎవరూ రాజరత్నాన్ని దూరంగా ఉండమనలేదు. అనవలసిన అవసరం ఆవిడే రానివ్వలేదు. పెరటి వసారా చివర తన చాప తనే పరుచుకునేది, వెళ్ళేటప్పుడు చుట్టి గోడవార నిలబెట్టేది. లేసు అల్లిక చెయ్యి పట్టుకుని నేర్పవలసిన విద్య. దారం ఏ వేలికి చుట్టాలో, సూది ఎంత వంచాలో వేలిమీద వేలు వేసి చూపిస్తే తప్ప రాదు. రాజరత్నం దాన్ని నోటితోనూ చూపుతోనూ నేర్పింది. ముడి తప్పితే సుభద్రమ్మగారు లేసు నేలమీద పెట్టేవారు. రాజరత్నం తీసుకుని, విప్పి, సరిచేసి, మళ్ళీ నేలమీదే పెట్టేది. ఆవిడ తీసుకునేవారు. ఆ చాప మీద కూర్చునే, ప్రభువు దగ్గర రాజూ లేడు మాలా లేడు అని చదివి వినిపించేది. చెప్పేవి శ్రీరంగనీతులని తొందరపడి అనకండి. ఆ మాట ఆవిడ మనసారా నమ్మింది. చేతులు మాత్రం నమ్మలేదు.

అల్లిక వచ్చాక కూడా రాకపోకలు ఆగలేదు. లేసు మూలపడినా పుస్తకం మూలపడలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ సుభద్రమ్మగారు వినడం మానేసి అడగడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అన్నారు. "మా అమ్మ ఏటా కార్తీకంలో ద్రాక్షారామం వెళ్ళేది రత్నం. చీమకి కూడా అపకారం చేసి ఎరగదు. ఆవిడకి మీ రక్షణ లేదంటావా?"

రాజరత్నం తడుముకోలేదు. "మంచితనంతో వచ్చేది కాదండి అమ్మగారూ. నమ్మాలి, బాప్తిస్మం పొందాలి. రెండూ ఉండాలండి."

"ఆవిడకి చెప్పినవాళ్ళెవరూ లేరే మరి?"

"నేనేం చెయ్యనండి. అది నా మాట కాదు కదండీ."

ఆ సాయంత్రం రాజరత్నం గొడుగు ఊపుకుంటూ ఇంటికి వచ్చింది. రాజుల లోగిట్లో కూర్చుని, రాజుగారి తల్లితో, మొహమాటపడకుండా ఉన్నమాట చెప్పినందుకు లోపల్లోపల పొంగిపోయింది. తల్లిని పోగొట్టుకున్న మనిషి అడిగిందని, ఓదార్పు కోసం అడిగిందని ఆ పొంగులో ఆవిడకి తోచనే లేదు.

డెబ్భైతొమ్మిది వేసవిలో సుభద్రమ్మగారు మంచం పట్టారు. కడుపులో కంతి. భీమవరం డాక్టర్లు చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వసారా పక్క గదిలో పడుకోబెట్టారు. రాజరత్నం రోజూ వచ్చి గడప ఇవతల చాప వేసుకుని చదివేది. ఒకరోజు మగవాళ్ళు మిల్లుకి వెళ్ళారు, కోడలు సూర్యకాంతమ్మ వంటింట్లో ఉంది. సుభద్రమ్మగారు కళ్ళు తెరిచి, "రత్నం, లోపలికి రా" అన్నారు.

అన్నేళ్ళలో రాజరత్నం ఆ గడప దాటడం అదే మొదలు. మంచానికి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఆ చెంబులో నీళ్ళున్నాయి. నా తలమీద పొయ్యి. మీరేవో మాటలంటారు కదా, అవి అను."

"అమ్మగారూ, అది పాస్టరుగారు చెయ్యాలండి."

"ఆయన ఈ గదిలోకి ఎలా వస్తారే? మా అబ్బాయి రానిస్తాడా? నువ్వు పొయ్యకూడదా?" అంటూ సుభద్రమ్మగారు మోచేతిమీద కాస్త లేచారు. ముసుగు వెనక్కి తీసేసి, పాపిట కనిపించేలా తల ముందుకి వంచారు. రాజుల ఇంటి ఆడవాళ్ళు పెద్దల ముందు తప్ప ఎవరిముందూ అలా తల వంచరు.

"కూడదండి" అంది రాజరత్నం.

అది పచ్చి అబద్ధం. అంతకు ముందటి వర్షాల్లో పక్కింటి సత్యకుమారికి నెల తక్కువ పిల్ల పుట్టి, ఊపిరందక నీలం తిరిగిపోతుంటే, ఇదే రాజరత్నం దోసిట్లో నీళ్ళు పట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరు చెప్పి ఆ బిడ్డ నెత్తిమీద పోసింది. ప్రాణం పోయే వేళ పాస్టరు అందుబాటులో లేకపోతే విశ్వాసి ఎవరైనా ఇవ్వొచ్చని సంఘంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మంచిపని చేశావమ్మా అని పాస్టరుగారు తర్వాత మెచ్చుకున్నారు కూడా.

అయినా కూడదంది. "పాస్టరయ్యగారు రాజమండ్రి వెళ్ళేరండి. రాగానే కనుక్కుని వస్తానండి."

సుభద్రమ్మగారు వంచిన తల కాసేపు అలాగే ఉంచారు. మనసు మారుతుందేమోనని చూశారు కాబోలు. తర్వాత ముసుగు లాక్కుని వెనక్కి వాలారు. "సరేలే. తొందరగా రా మరి" అన్నారు.

దారి పొడుగునా రాజరత్నం కారణాలు ఏరుకుంది. జగపతిరాజుకి తెలిస్తే ఊరుకుంటాడా? తన అన్నదమ్ములు ఆయన చేలోనే కదా పని చేసేది, వాళ్ళ నోటి దగ్గర కూడు పోదా? ఇన్నాళ్ళ రాకపోకలకి ఇదేనా ఫలితం అని ఊరంతా ఆడిపోసుకోరా? అన్నీ నిజమే. అందులో ఒక్కటీ ఆ గదిలో ఆవిడకి గుర్తు రాలేదు. ఆ గదిలో జరిగింది ఒక్కటే. రాజుగారి తల్లి తలమీద పెట్టడానికి చెయ్యి లేవలేదు. తండ్రి, తాత, ముత్తాత వంచుకున్న వెన్నంతా ఆ చేతిలోకి దిగి కూర్చుంది. పల్లెలో బిడ్డకి క్షణంలో ఇచ్చిన రక్షణని, ఇక్కడ పాస్టరుగారి పేరు అడ్డం పెట్టి ఎగ్గొట్టింది. ఇంటికి చేరేసరికి ఆవిడకి తనమీద తనకే అసహ్యం వేసింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

ఏమైతే అయింది, పోసేస్తాను అనుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. రాజుల వీధి మొగలోనే పచ్చివెదుళ్ళు మోసుకెళ్తున్న పాలేళ్ళు ఎదురయ్యారు. ఎవరికని ఆవిడ అడగలేదు.

పెద్దకర్మ అయిపోయాక సూర్యకాంతమ్మ కబురు చేసింది. రాజరత్నం వెళ్ళి అలవాటు కొద్దీ వసారా చివర నిలబడింది. సూర్యకాంతమ్మ గుమ్మం దగ్గరే ఆగి అడిగింది.

"అత్తయ్యగారికి నువ్వేం ఇస్తానన్నావు రత్నం?"

"ఏంటండి?"

"ప్రాణం పోయేముందు తులసితీర్థం పొయ్యబోతే నోరు తెరవలేదు. పళ్ళు బిగబట్టేసేరు. రాజుగారు ఉద్ధరిణి పట్టుకుని అమ్మా, అమ్మా, ఒక్క చుక్క అని చిన్నపిల్లాడిలా ఏడ్చేరు. ఆఖరికి అత్తయ్యగారు 'రత్నం రానీ' అని మాత్రం అన్నారు. అదే ఆఖరి మాట. నువ్వొచ్చి ఏం చెయ్యాలి?"

ఇలా జరిగి ఉంటుందని రాజరత్నం ఊహించలేదు. తన చెయ్యి లేవకపోతే సుభద్రమ్మగారు ఎప్పట్లా తమవాళ్ళ పద్ధతిలో వెళ్ళిపోయి ఉంటారు, అదీ ఒక దారే కదా అని కర్మ అయ్యేదాకా తనకి తనే చెప్పుకుంటూ వచ్చింది. ఆ దారీ లేదు. కన్నకొడుకు పోస్తానన్న నీళ్ళు వద్దనుకుని, ఈవిడ పొయ్యని నీళ్ళకోసం కాచుకుని, ఏ నీళ్ళూ లేకుండా ఆ తల్లి ఎండిన పెదవులతో పోయింది. రెండూ ఉండాలండి అని చెప్పి భయపెట్టింది ఎవరు? అడిగితే లేదన్నది ఎవరు?

"బాప్తిస్మం అడిగేరండి" అంది.

"మరి ఇయ్యలేదా?"

పాస్టరుగారే ఇవ్వాలండి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. రెండోసారి ఆ అబద్ధం ఆడలేకపోయింది. "ఇవ్వొచ్చండి. నేనే ఇవ్వలేదండి. అమ్మగారి తల ముట్టుకోవాలి కదండీ."

"ముట్టుకోవద్దని మేం ఎప్పుడన్నా అన్నామా?" అంది సూర్యకాంతమ్మ. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. గుమ్మం దిగకుండానే అడిగింది. ఇద్దరి మధ్యా వసారా అంతా ఖాళీగా ఉంది. రాజరత్నం కూలబడిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సూర్యకాంతమ్మకి దగ్గరికి రావాలో లోపలికి వెళ్ళాలో తెలియలేదు. చివరికి లోపలికే వెళ్ళింది.

ఆ తర్వాత కూడా రాజరత్నం చాలాకాలం ఉద్యోగం చేసింది. ఇళ్ళకి వెళ్ళేది, చదివేది, ప్రార్థన చేసేది. ఎవరికి రక్షణ ఉంది, ఎవరికి లేదు అన్న ప్రసక్తి వస్తే మాత్రం చటుక్కున లేచి గొడుగు అందుకునేది. టీచరమ్మ నోరు పడిపోయిందే అని పల్లెలో వేళాకోళం చేసుకున్నారు. వయసు మీద పడిందనుకున్నారు. సంగతేమిటో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. అన్నం ముందు కూర్చుంటే సిగ్గు, సంఘం గుళ్ళో పాడుతుంటే సిగ్గు, ఆఖరికి మంచినీళ్ళు ముంచుకుంటున్నా సిగ్గే.

ఎనభై ఆరు వరదలు తీసిన తర్వాత జ్వరం తగిలి రాజరత్నం మరి లేవలేదు. సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు, పాతికేళ్ళవాడు, పాపం ఒప్పుకుని పుచ్చుకునే సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని ఇంటికి వచ్చాడు. రొట్టె అందించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ముందు ఒక సంగతి వినమంది. సుభద్రమ్మగారి కథ మొదటినుంచీ, తను ఆడిన అబద్ధంతో సహా, ఏమీ దాచకుండా చెప్పింది.

కుర్రవాడే అయినా మంచివాడు. ఆవిడ మంచం పట్టె మీద కూర్చుని అన్నాడు. "సిలువమీద ప్రభువు తన పక్కనున్న దొంగని పరలోకానికి రమ్మన్నాడే, వాడికి నీళ్ళు ఎవరు పోశారమ్మా? ఆవిడ నమ్మింది, కోరుకుంది. నువ్వు పొయ్యలేదని దేవుడు ఆవిణ్ణి బయట నిలబెడతాడా? ఆవిడ ఆయన దగ్గరే ఉంటుంది. ఆ దిగులు పెట్టుకోకు."

"ఆవిడ గురించి నాకు దిగుల్లేదండి అయ్యగారూ. ఆవిడ అక్కడే ఉంటారు. ప్రభువు నాలాంటివాడు కాదు కదండీ. నన్ను కూడా రానిస్తాడు, ఆయన దయకి కొదవేంటి. అదేనండి నా బాధ. నేను లోపల అడుగు పెట్టగానే, రత్నం వచ్చేవా అని ఆవిడ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంటే, నా మొహం ఎక్కడ పెట్టుకోవాలండి?"

రాజరత్నం గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ మళ్ళీ ఇటు తిరిగేదాకా పాస్టరు రొట్టె చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.