కుండ మీద తెల్ల చార

అది 2023 వేసవి. రాజమండ్రిలో కెమెరాలు అమ్మి, బాగుచేసే మా షాపుకి ఆత్రేయపురం నుంచి సత్యవేణిగారు వచ్చారు. వాళ్ల ఇంట్లో పూతరేకులు చేసి అమ్ముతారు. ఆవిడ చేతిలో అరచేతికి కాస్త పెద్దదైన కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ఉంది.

"ఫొటోలన్నీ చెదిరిపోతున్నాయండి. పాడైందేమో చూడండి," అన్నారు.

కెమెరా నిక్షేపంగా ఉంది. పైనున్న మోడ్ డయల్, అంటే ఏ పద్ధతిలో తీయాలో ఎంచుకునే చక్రం, ఆటోలో ఉంది. వెలుతురు చాలకపోతే ఆటోలో షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది. ఆలోపు కదిలినదల్లా చారలా పడుతుంది. షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతుకి పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ కూడా చూపించి పంపేశాను. ఇదేం బ్రహ్మవిద్య అనుకున్నాను.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చారు. ఈసారి ఫొటోల్లో వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఆవిడ ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

"బాగానే పడ్డాయి కదండీ?"

"పడ్డాయండి. నాకే ఇంకా రేకు రావట్లేదు."

అప్పటికిగాని ఈ ఫొటోలు దేనికని నేను అడగలేదు. పొయ్యి పొగ మానకపోతే ఊపిరితిత్తులు దక్కవని వాళ్ల అత్తగారు మంగతాయారుగారికి డాక్టరు గట్టిగా చెప్పారట. ఇంట్లో రేకు తీయడం వచ్చింది ఆవిడొక్కరికే. కోడలికి నేర్పమంటే, "ఎలా తీస్తున్నానో నాకేం తెలుసే, చెయ్యే తీస్తుంది," అంటారట. ఆ చేతిని ఆపి చూద్దామని ఈవిడ కెమెరా కొన్నారు.

నాకు కుతూహలం ఆగలేదు. ఆదివారం నేనే ఆత్రేయపురం వెళ్లాను.

మంగతాయారుగారు దగ్గుతూనే పల్చటి గుడ్డను బియ్యప్పిండి నీళ్లలో ముంచి, బోర్లించిన వేడి కుండ మీదుగా లాగారు. పొర లాంటి రేకు చక్కగా ఊడి వచ్చింది. సత్యవేణిగారు లాగితే మధ్యలో ముద్దకట్టి చిరిగింది.

కెమెరాని స్టాండుకి బిగించి, ఈసారి షట్టర్‌ని అర సెకను తెరిచి ఉంచాను.

"మళ్లీ చెదురుతాయి కదండీ?" అన్నారు సత్యవేణిగారు.

"చెదరనివ్వండి. చెయ్యి ఎక్కడుందో చూశాం, ఎలా వెళ్తుందో చూద్దాం," అన్నాను.

అత్తగారి ఫొటోలో కుండ కదలకుండా ఉంది, దాని మీద గుడ్డ వెళ్లిన దారి ఒకే తెల్ల చారగా పడింది. కోడలి ఫొటోలో ఆ చార మధ్యలో చిక్కటి తెల్ల మచ్చ ఉంది. గుడ్డ ఒక్క క్షణం ఆగితేనే అలా పడుతుంది.

"ఇక్కడ ఆగుతున్నారండి."

"నేనా? లేదండి."

స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. ఆవిడ ఆ మచ్చ మీద వేలు పెట్టారు. "మొదట్లో అక్కడే చెయ్యి కాలిందండి," అన్నారు నెమ్మదిగా.

"కాలితే చెప్పలేదేంటే?" అన్నారు అత్తగారు.

"చెప్తే మళ్లీ పొయ్యి దగ్గరికి రానిచ్చేవారా అత్తయ్యా?"

ఆ పూటంతా సత్యవేణిగారు లాగడం, నేను తీయడం, ఇద్దరం మచ్చ ఎంత తగ్గిందో చూసుకోవడం. మధ్యాహ్నం దాటాక ఒక రేకు చిరగకుండా వచ్చింది. ఆ ఫొటోని మంగతాయారుగారికి చూపించాను.

"ఇది నాదేగా, బాబూ?"

"కాదండి. మీ కోడలిది."

ఆవిడ మళ్లీ ఒకసారి చూసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచారు. కోడలితో, "నువ్వు కానియ్యి. నేనలా అరుగు మీద కూర్చుంటా," అని పొగలోంచి బయటికి నడిచారు. సత్యవేణిగారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. పొగ వల్ల అన్నారు. నావీ చెమర్చాయి, నాది పొగ కాదు.

ఇప్పుడెవరైనా ఫొటో చెదిరిందని వస్తే నేను డయల్ ముట్టుకోను. "మీరేం చూద్దామనుకున్నారండీ?" అని ముందు అడుగుతాను.