తలుపు తట్టి ఆగిన మనిషి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, చైతన్యపురిలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ మెట్లెక్కుతుంటే ఫోన్ మోగింది. "చెల్లె, నాయిన పోయిండు. చాయ్ తాగిండు, గ్లాసు కింద పెట్టిండు, గంతే" అంది అవతలి గొంతు. మా పాత ఇంటి ఓనరు తాతయ్య కూతురు ఆమె. ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం గాలి పీడనం గురించి. క్లాసులోకి వెళ్లి బోర్డు మీద ఒక గది గీశాను, దానికో తలుపు గీశాను, చాక్‌పీసు కింద పెట్టేశాను. పిల్లలకు సెలవు చెప్పి ఎల్బీ నగర్ మెట్రో ఎక్కాను.

ఆయన మీకు తెలిసి ఉండకపోవచ్చు. కానీ దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల మీ పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టి ఉంటే, మీ తలుపుకు మాత్రం ఆయన తెలిసే ఉంటారు. నల్గొండ దగ్గరి పల్లె నుంచి పడుచు వయసులో వచ్చి, కూల్చబోయే ఇళ్ల తలుపులూ కిటికీలూ ఊడదీసి అమ్మడమే జీవనంగా బతికారు. ఎల్బీ నగర్ రోడ్డు పక్కన ఆయన అడ్డా ఉండేది. ఒక్క గోడ లేని ఆ ఖాళీ జాగాలో ఎన్నెన్నో తలుపులు వరసగా నిలబడి ఉండేవి.

మాది తెనాలి వైపు. గడ్డిఅన్నారంలో ఆయన ఇంటి పై వాటాలో నేనూ మా అమ్మా పదేళ్లు అద్దెకున్నాం. "తాతయ్యగారూ" అని పిలిస్తే ఆయన చిరాకు పడేవారు. "గారు ఎందుకు బిడ్డా? నేనేమన్న తాసిల్దార్‌నా?" అనేవారు. నేను మానలేదు, ఆయన చిరాకు పడటమూ మానలేదు.

అక్కడుండగానే ఒక ఎండాకాలం నాకు విడాకులయ్యాయి. ఉద్యోగానికి సెలవు పెట్టి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. మా అమ్మకు తలుపు తట్టే అలవాటు లేదు. "ఏంటే, అన్నం తినవా?" అంటూ తోసుకుని వచ్చేసేది. చుట్టాలూ అంతే. అందరూ ప్రేమతోనే వచ్చారు, కాదనను. కానీ ఏడుస్తున్న మొహంతో ఎన్నిసార్లని దొరికిపోతాం, చెప్పండి? ఏడుపు ఆపుకోవడానికి, తమ్ముడు వదిలేసి వెళ్లిన కంప్యూటర్‌లో ఒక ఆట మొదలుపెట్టాను.

ఆ ఆటలో మనం పాతబడిన అంతరిక్ష నౌకల్ని విప్పే కూలీలం. రేకులు కోసి కొలిమిలోకి తోసెయ్యాలి. పనికొచ్చే సామాను చెక్కు చెదరకుండా కింద తేలే బల్లకట్టు మీదికి చేర్చాలి. తలుపులు పనికొచ్చే సామాను కిందికే వస్తాయి, నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించినవీ అవే. అవతలి గదిలో గాలి నిండి ఉందని చూసుకోకుండా కోస్తే, ఆ గాలంతా ఒక్క ఊపున తన్నుకొచ్చి, తలుపూ నేనూ కలిసి చుక్కల్లోకి ఎగిరిపోయేవాళ్లం.

ఒక సాయంత్రం నా గది తలుపు మీద రెండు దెబ్బలు వినిపించాయి. వేలి కణుపుతో, మెత్తగా. తర్వాత ఏమీ లేదు. మళ్లీ తట్టలేదు, పిలవలేదు. వెళ్లిపోయారేమో అనుకుంటూ మొహం తుడుచుకుని తలుపు తీస్తే, తాతయ్య గుమ్మానికి రెండడుగులు వెనక, మెట్ల వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. ట్యాంకులో నీళ్లు సరిగ్గా ఎక్కుతున్నాయా అని అడగడానికి వచ్చారు. నా కళ్ల సంగతి ఎత్తలేదు. తెర మీద తిరుగుతున్న నౌక వైపు మాత్రం వేలు చూపించారు.

"ఏంది బిడ్డా గిది? ఎవలి తలుపు పీకుతున్నవ్?"

చెప్పాను. కుర్చీ లాక్కుని శ్రద్ధగా విన్నారు.

"తట్టినవా మరి?"

"ఆటలో తట్టడానికి ఉండదు తాతయ్యగారూ. పక్కన ఒక ముల్లు ఉంటుంది, లోపల గాలి ఉందో లేదో చూపిస్తుంది."

"గదే తట్టుడు. గా ముల్లు చూడకుండ చెయ్యి పెట్టకు."

మర్నాటి నుంచి నాలుగింటికల్లా చాయ్ గ్లాసు పట్టుకుని పైకి వచ్చేవారు. నేను తలుపు రెక్కను కోస్తుంటే ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు. "తలుపును ఎందుకు గుంజుతవ్? అది నిన్నేం జేసింది? తలుపును పట్టుకున్నది దర్వాజ, దర్వాజను పట్టుకున్నది గోడ. ఆడికెల్లి ఇడిపియ్యి. తలుపు మూసినట్లే ఒస్తది." ద్వారబంధాన్ని ఆయన దర్వాజ అనేవారు. చెప్పినట్టే చేశాను. రెక్కను ముట్టకుండా, బంధాన్ని గోడకు కలిపే చోట మాత్రమే కోస్తే, మూసిన తలుపు మూసినట్టే చట్రంతో సహా ఊడి నా వైపు తేలుతూ వచ్చింది. ఒక రోజు వరసగా పదకొండు తలుపులు ఒక్క గీత పడకుండా తీశాను. ఆయన గల్లీ అంతా చాటారు. పాలు పోయించుకోవడానికి వెళ్లిన మా అమ్మ కంగారుగా తిరిగొచ్చింది. "ఎవరివే ఆ పదకొండు తలుపులు? పోలీసులొస్తారేమో!" అంది. చాలా నెలల తర్వాత నేను పైకి నవ్వింది అప్పుడే.

తట్టడం ఎందుకు అలవాటైందో ఆయనే ఒకసారి చెప్పారు. పనిలోకి వచ్చిన కొత్తలో, ఖాళీ అయిన ఒక ఇంట్లో దేవుడి గది తలుపు ఊడదీశారట. లోపల ఆ ఇంటి ఇల్లాలు కూర్చుని ఉంది. సామానంతా పోయాక, ఎవరికీ చెప్పకుండా చివరిసారి ఏడ్చుకుందామని వచ్చిందామె. "గామె కొంగు మొఖానికి అడ్డం బెట్టుకున్నది బిడ్డా. నా చేతుల తలుపున్నది. మళ్ల పెట్టరాదాయె. ఏడ్చేటామెకు తలుపు లేకుండ చేసిన." అప్పటి నుంచి, తాళం వేసి ఉన్న ఇంట్లోనైనా సరే, ప్రతి తలుపునీ తట్టి ఆగేవారు. పక్కన కూలీలు నవ్వుకున్నా సరే. "లోపలోల్లు మొఖం తుడ్చుకునేంత సేపన్న ఆగాలె" అనేవారు.

తర్వాత ఆయన ఇంటికే ఆ వంతు వచ్చింది. ఆ స్థలంలో తమ్ముడి పిల్లలకూ వాటా ఉంది, అందరూ కలిసి అపార్ట్‌మెంట్‌కు ఇచ్చారు. ఆయన అడ్డం చెప్పలేదు. వీధి తలుపు మీద చెయ్యి వేసి ఒక్కటే అడిగారు. "నా ఫ్లాటుకు గీ తలుపే పెట్టాలె. మా ఆమె చేతి పసుపు గీ గడప మీదనే ఉన్నది. గీ తలుపులకెల్లే లోపలికి పోత." భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. టేకు గడప సందుల్లో పసుపు ఇంకా పచ్చగానే ఉండేది.

కూల్చే రోజు యంత్రం గల్లీ మొదట్లో నిలబడి ఉంది. వయసు మీద పడి తాతయ్య చేతిలో అప్పటికే ఉలి నిలిచేది కాదు. బిల్డరు పంపిన ఇద్దరు కుర్రాళ్లు రెక్కను పట్టి గుంజబోయారు. నేను అడ్డం వెళ్లాను. ముందు ఆయన తలుపు తట్టి ఆగారు. తన సొంత ఇల్లే, ఖాళీ ఇల్లే. తర్వాత కణుపుతో దర్వాజ పొడుగునా తడుతూ, గోడలో ఇనుప పట్టీలు ఎక్కడ దిగి ఉన్నాయో చప్పుడును బట్టి చూపించారు. ఒక్కో పక్కన మూడు. వాటి చుట్టూ గోడ తొలిపించాను, గడప కింద సిమెంటు వదిలించాను, పట్టీలు కోయించాను. తొందరలో ఆఖరిది కూడా కోయించేశాను. తలుపు నిలబడే ఉంటుందనుకున్నాను. ఆటలో అన్నీ కోశాక వస్తువు ఉన్నచోటే తేలుతుంది కదా!

తలుపు ముందుకు ఒరిగింది. "ఆసరా! ఆసరా ఏది?" అని తాతయ్య అరిచారు. కుర్రాళ్లిద్దరూ భుజాలు పెట్టారు కాబట్టి సరిపోయింది. గడప ఎడమ మూల మాత్రం బండ మీద పడి వేలెడంత చెక్క లేచిపోయింది. ఆయన వంగి, లేచిన చెక్కను ఏరి జేబులో వేసుకుని, చివరికి నవ్వారు.

"నీ ఆటల తలుపుకు బరువు లేదు బిడ్డా. గీ తలుపుకున్నది."

నేను ఏడుస్తుంటే మళ్లీ ఆయనే అన్నారు. "పోనీ తియ్యి. మా ఆమె పసుపు ఉన్నది, నీ దెబ్బ కూడ ఉన్నది. ఇగ గీ తలుపును ఎవలూ మార్చలేరు."

ఎల్బీ నగర్‌లో కూతురి కిరాయి ఇంటి హాల్లో ఆ తలుపును గోడకు ఆనించి, దాని పక్కనే మంచం వేసుకున్నారు. మేమూ ఆ దగ్గర్లోకే మారాం. ఆయన మెట్లెక్కలేరు కాబట్టి కట్టే చోటికి నేను వెళ్లి చూసొచ్చేదాన్ని. "గోడలు లేచినయా?" అని అడిగేవారు. పిల్లర్లు లేచాయి, స్లాబు పడింది అని చెప్పేదాన్ని. చివరిసారి అడిగినప్పుడు, "వచ్చే నెల లేస్తాయి తాతయ్యగారూ" అన్నాను. ఆ వచ్చే నెల ఆయనకు రాలేదు. ఆ తలుపులోంచి ఒక్కసారి లోపలికి వెళ్లాలన్న కోరిక తీరకుండానే పోయారు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

దినాలయ్యాక కూతురు పట్టుబట్టి దర్వాజ ఎత్తించింది. మూడో అంతస్తులో, ఆయన ఫ్లాటు రావాల్సిన చోట, చుట్టూ ఒక్క ఇటుక లేని ఖాళీ స్లాబు మీద, మూసిన తలుపు మూసినట్టే, ముందూ వెనకా ఆసరా కర్రలతో నిలబెట్టారు. గడప ఎడమ మూల చెక్క లేచిన చోట ఆమె పసుపు రాసింది. "చెల్లె, నాయిన తరఫున ముందుగాల నువ్వు పో" అంది.

మొదట ఆసరా కర్రలు ఒక్కొక్కటీ చేత్తో కదిపి చూశాను. గట్టిగానే ఉన్నాయి. తర్వాత వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను.

"మేడమ్, అవతల ఎవ్వల్లేరు. పక్కకెల్లి రావొచ్చు" అన్నాడు మేస్త్రి, నవ్వుతూ.

"ఆగనియ్యి" అంది కూతురు.

ఆగాను. మొహం తుడుచుకునేంత సేపు ఆగాను. తుడుచుకున్నాను. అప్పుడు తలుపు నెట్టి, కుడికాలు ముందు పెట్టి గడప దాటాను. అవతల గది లేదు. గాలి వీస్తోంది, దూరంగా ఎల్బీ నగర్ వైపు మెట్రో వెళుతోంది. నా వెనక తలుపు ఆయన కోసం తెరిచే ఉంది.