చిక్కం వేయని రోజు

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తప్పు చేసింది నేను. అనుభవించింది ఇంకొకరు.

మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో, జాబ్రియాలోని ఒకే ఇంట్లో చాలా ఏళ్ళుగా వంట చేస్తున్నాను. నేను లెక్క మనిషిని. బియ్యం బస్తా ఎప్పుడు విప్పామో, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో నాకు గుర్తుంటుంది. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పనివాళ్ళలో ఎవరికి ఏ తేదీతో ముగుస్తుందో ఇంట్లోవాళ్ళు నన్నే అడిగేవారు. ఇంత లెక్క తెలిసినదాన్ని ఆ రోజు ఎందుకలా చేశాను? భయం అని చెప్పుకుంటాను. ఒట్టి భయమేనా?

మామాకు, అంటే మా యజమానురాలికి, అంబర్ అని ఒక కుక్క ఉండేది. పిట్ బుల్ జాతి. వెడల్పు తల, బిగిసిన దవడలు. చూసినవాళ్ళు జడుసుకునేవారు గాని అది వంటింట్లో నా కాళ్ళ దగ్గరే పడుకునేది. దాని తిండి, స్నానం, తిప్పడం అన్నీ నావే. డ్రైవరు రఫీది కడప. ముప్పై దాటినవాడు, నన్ను పెద్దమ్మా అనేవాడు. అయిదు పూటలా నమాజు చేసేవాడు కాబట్టి కుక్క నోరు తగిలితే మళ్ళీ కడుక్కోవాలని దూరంగా ఉండేవాడు. అది తోక ఊపుతూ వస్తే, "దానికి నా మీద మనసుంది పెద్దమ్మా, నాకే కుదర్దు" అని నవ్వేవాడు.

జాబ్రియాలో సొంత ఇల్లు, ఎత్తు గోడ. ఆ జాతి కుక్క మీకెందుకని అడిగినవాళ్ళు లేరు. ఇంటికి మరమ్మతులు పెట్టి, కొన్ని నెలలకని మంగఫ్‌లో సముద్రం వైపు ఒక ఫ్లాటుకు మారాం. అక్కడి పద్ధతి వేరు. ఆ భవనంలో చిన్న కుక్కలకు అడ్డు లేదు. ఈ జాతి కుక్క మాత్రం మూతికి తొడుగు లేకుండా తలుపు దాటకూడదు. ఒక్క ఫిర్యాదు వచ్చినా దాన్ని అప్పగించాలి. పశువుల డాక్టరు కూడా చెప్పాడట: ఈ జాతి మీద ఊరికొక కట్టడి ఉంటుంది, ఒక ఊళ్ళో బిడ్డలా పెంచుకునేదాన్ని పక్క ఊళ్ళో అడుగే పెట్టనివ్వరు అని. మామా నన్ను కూర్చోబెట్టి ఇదంతా రెండుసార్లు చెప్పింది.

మా వైపు కళ్ళంలో ఎద్దులు గింజ ముట్టకుండా మూతికి చిక్కం కడతారు. ఆ తొడుగును చూస్తే నాకు చిక్కమే గుర్తొచ్చేది. అది వేస్తే అంబర్ ఆ వేడిలో నాలుక చాపలేక తల నేలకేసి రుద్దుకునేది. నిన్నటిదాకా జాబ్రియాలో మూతి కట్టకుండా తిరిగిన కుక్కే కదా, రోడ్డు మారితే పళ్ళు మారతాయా అనుకున్నాను. రూలు తెలియక కాదు. ఆ రూలు రాసినవాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. తలుపు దాటగానే తొడుగు తీసి సంచిలో వేసుకునేదాన్ని. మోకాళ్ళ నొప్పి కదా, కుక్కను రఫీకి అప్పజెప్పు అని మామా అంటే వద్దన్నాను.

ఒక శుక్రవారం పొద్దున అంబర్‌ను కిందికి దించాను. చిక్కం వేయలేదు. కుక్క పెంట ఎత్తే కవర్లు పైనే మరిచిపోయానని గుర్తొచ్చి, గొలుసును మెట్ల కమ్మీకి తగిలించి లిఫ్టులో పైకి వెళ్ళాను. పార్కింగులో ఎవరూ లేరు, రఫీ ఒక్కడే కాస్త దూరంగా కారు తుడుస్తున్నాడు. తిరిగి వచ్చేసరికి అరుపులు. గొలుసు కొక్కెం ఊడి పడి ఉంది. నీళ్ళ క్యాన్లు తెచ్చిన మనిషి నేల మీద కూర్చుని ఉన్నాడు, ముంజేయి నిండా రక్తం. జుమ్మా నమాజుకని తెల్లబట్టలు వేసుకున్న రఫీ రెండు చేతులతో అంబర్ మెడపట్టీ పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. ఏనాడూ దాన్ని ముట్టనివాడు, ఒక మనిషిని కాపాడటానికి ఆ రోజు ముట్టాడు. భవనం కాపలాదారు చూసింది అదే. పైనుంచి దిగివచ్చిన మామా చూసింది అదే.

"దీన్ని ఎవరు దించారు?" అని మామా నన్ను అడిగింది.

నా ఇఖామా ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఈ వయసులో దాన్ని మళ్ళీ చేయించడం మామా దయ.

"రఫీ" అన్నాను. కుక్కను వాడికి అప్పజెప్పమని తానే అని ఉంది కాబట్టి మామాకు అనుమానం రాలేదు.

వాడు తెల్లబోయాడు. "మామా, నేను కుక్కను ముట్టను, నా నమాజు సంగతి మీకు తెలుసు" అన్నాడు అరబ్బీలో. వాడికి ఉన్న ఒకే ఆధారం అది. అదే వాడి కొంప ముంచింది.

"అంటే నా ఇంటి కుక్క నీకు మైల. అందుకేనా మూతి కట్టకుండా వదిలేశావు?" అంది మామా.

వాడు నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వన్నా చెప్పు. ఎప్పుడన్నా నేను దాన్ని పట్టుకోని తిప్పినానా?"

"నాకేం తెలుసు నాయనా. నేను పైనుండా."

పైన ఉన్నమాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ఎన్ని రోజులు అన్నం తిన్నానో.

సాయంత్రంలోగా అంబర్‌ను బండిలో ఎక్కించుకుపోయారు. ఎక్కడికని అడిగితే ఎవరూ చెప్పలేదు. వారం తిరక్కముందే రఫీకి ఖలాస్, ఇక పని లేదు పో అన్నారు. ఇఖామా పోయింది, దానితోపాటు ఏళ్ళ తరబడి తిరిగి సంపాదించుకున్న లైసెన్సూ పోయింది. తమ్ముడిని కూడా ఇక్కడికి తెచ్చుకోవాలన్న వాడి ఆశ అక్కడితో ఆగింది. వెళ్ళే రోజు నా గది తలుపు కొట్టాడు. నేను తీయలేదు. తిట్టడానికి వచ్చాడో, పోయొస్తానని చెప్పడానికి వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ తర్వాత వాడి నంబరుకు చేస్తే ఎవరో ఎత్తి, ఆ పేరు గలవాళ్ళు లేరన్నారు.

నా ఇఖామా మాత్రం తేదీ దాటకుండా అయింది.

ఇప్పుడు మామాకు జ్ఞాపకం పోతోంది. ముద్ద కలిపి నేనే నోట్లో పెడతాను. ఒక్కోరోజు రఫీని బండి తీయమను అంటుంది. మొన్న ఆ మాట వినగానే ఉండబట్టలేక ఆమె ముందు కూర్చుని, ఒక్కో మాటా విడదీసి అరబ్బీలో చెప్పాను. "మామా, ఆ రోజు అంబర్‌ను దించింది నేను. రఫీ కాదు."

ఆమె నా చెయ్యి నిమిరింది. "ఎవరు అంబర్?" అంది.

నన్ను శిక్షించగలిగినది ఆమె ఒక్కతే. ఆమె జ్ఞాపకంలో ఆ రోజే లేదు. రఫీకి పోయింది ఏదీ మీకు రాస్తున్న ఈ కాగితంతో తిరిగి రాదు, ఆ లెక్క నాకు తెలుసు. అయినా ఆరేళ్ళ కిందట "రఫీ" అన్న చోట ఇవాళ "నేను" అని రాశాను. ఒక్కసారి చదువుకున్నాను. కొట్టేయలేదు.