ఆరు మాత్రలు, పది లైన్లు

డిగ్రీ పాసైనాను. ఈ మాట ముందు చెప్పేస్తేగాని మిగతాది నా నోట్లోంచి రాదు. నాయన వైపు, అమ్మ వైపు ఎంత వెనక్కి పోయినా మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ. సెకండ్ క్లాసే. అయినా అమ్మ పనికి పోయే రొయ్యల షెడ్డులో అందరికీ చెప్పేసి, ఇంటికొచ్చి మళ్లీ నాకే చెప్పింది.

ఇంక చేతి సంగతి.

మాది తోటపల్లి గూడూరు పక్కన, సముద్రానికి దగ్గర. నాయన రొయ్యల గుంటల కాడ మేత వేసే పని చేస్తాడు. నేను రెండో సంవత్సరం చదివేటప్పుడు ఒక సోమవారం పొద్దున జడేసుకుందామని దువ్వెన పట్టుకుంటే వేళ్లు ముడుచుకోలేదు. పిడికిలి పడలేదు. రెండు గంటలకి గాని వదులు కాలేదు. రాసి రాసి పట్టేసిందనుకున్నా. ముందురోజు చర్చి నుంచి వచ్చినదాన్ని సాయంత్రం దాకా లేవకుండా రాసినా గదా.

రాయడమంటే పరీక్షల రాత కాదు. మా తెలుగు మేడం ఒకసారి, "మీ ఇంట్లో నిజంగా జరిగింది ఒక పేజీ రాసుకురండి. ఒక్క ముక్క కల్పించొద్దు" అన్నారు. ఐసు నీళ్లలో రొయ్యలు వలిచి వలిచి మా అమ్మ వేళ్లు ఎట్టా అయినాయో రాసుకుపోయినా. ఆమె చదివి, "ఇట్టాంటివి ఇరవై రాస్తే పుస్తకమవుద్ది. ఆపబాక" అన్నారు. అప్పట్నుంచీ నాకు అదే పిచ్చి. వారమంతా ఒక్క అక్షరం రాసేదాన్ని కాదు. ఆదివారం మాత్రం ఆరేడు పేజీలు, ఒక్క ఊపున.

ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వాతమన్నాడు, సూది వేసినాడు. మూడు నెలలు ఆ సూదులతోనే గడిపినాం. మణికట్లు వాచి, గ్లాసు ఎత్తలేకపోయినాక నెల్లూరు పోయినాం. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఎక్స్‌రే, అన్నీ తీయించినారు.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్ అమ్మా" అన్నారు డాక్టరు గారు. "ఒంటిని కాపాడే కణాలే నీ కీళ్ల మీద పడినాయి."

"ఎన్నాళ్లకి పోతుంది సార్?" నాయన అడిగినాడు.

"పోయేది కాదు. అదుపులో పెట్టుకునేది. మెథోట్రెక్సేట్ రాస్తున్నా. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఆ రోజు ఆరు మాత్రలూ కలిపి."

తిరిగొచ్చే బస్సులో నాయన ఆ మాత్రల అట్టనే తిప్పి తిప్పి చూసినాడు. "ఒక్కసారే ఆరా? గుంటలో మందు కూడా ఒక్కసారే కుమ్మరించం పాపా. కుమ్మరిస్తే రొయ్యలు తేలిపోతాయి. రోజుకింత చల్లుకుంటా పోవాల."

సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు, ఆరు మాత్రలు. ఆదివారం దేవుని దినం, మందు లేదు. అంత చక్కగా కుదిరేసరికి ఆయనకి దేవుడే చెప్పినట్టుండింది. నాకూ బాగానే అనిపించింది. ఎట్టా వేసుకున్నా వారానికి ఆరే గదా, తేడా యాడ వస్తుంది అనుకున్నా. అట్ట మీద ఇంగ్లీషు చదవగలిగింది ఇంట్లో నేనొక్కదాన్నే. చదవలేదు.

మూడో వారానికి నోరంతా పుండ్లు. గంజి మింగినా నిప్పు మింగినట్టే. జ్వరం దిగలేదు. మళ్లీ నెల్లూరు, మళ్లీ రక్తపరీక్ష. తెల్లకణాలు పడిపోయినాయి, ప్లేట్‌లెట్లూ పడిపోయినాయి. అడ్మిట్ చేసినారు.

డ్యూటీ డాక్టరమ్మ అడిగింది. "మాత్రలు ఎట్టా వేసుకున్నావు?"

"రోజుకొకటి మేడం."

రాస్తా రాస్తా ఆగిపోయింది. నాయన గుంట సంగతి చెప్పబోయినాడు.

"పెద్దాయనా, మీ అమ్మాయి గుంట కాదు. వారానికొకసారి వేస్తే మధ్యలో ఒళ్లు తేరుకుంటది. రోజూ వేస్తే ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం మానేస్తది. ఇంకో వారం ఆగుంటే నన్ను కాదు, మీ పాస్టరు గారిని పిలుచుకునేవాళ్లు."

అమ్మ వార్డులో అందరూ వింటుంటేనే, "రొయ్యకీ బిడ్డకీ తేడా తెలియని మనిషికి నన్నిచ్చినారు" అనింది. నాయన ఆ రోజు నుంచి నా మంచం కాడికి రాకుండా తలుపు దగ్గరే నిలబడేవాడు.

ఆ మాత్రకి విరుగుడుగా పదకొండు రోజులు ల్యూకోవోరిన్ ఇంజెక్షన్లు ఇచ్చినారు. కౌంట్లు పైకొచ్చినాయి. ఆ మాత్ర ఆపేసినారు. ఆపిన రెండు నెలల్లో కీళ్లు ఇష్టం వచ్చినట్టు చెడినాయి. తర్వాతి ఎక్స్‌రేలో కుడిచేతి రెండు వేళ్ల దగ్గర ఎముక అంచులు తినేసినట్టున్నాయి. "ఇది ఇంక వెనక్కి రాదమ్మా" అన్నారు డాక్టరు గారు. వేరే మందు మొదలుపెట్టినారు. అది సగం పని చేస్తది. ఇంకా మంచి ఇంజెక్షన్లు ఉన్నాయంట, మా తాహతుకి అందవు.

ఫిజియోథెరపీ అక్క ఒకామె ఉండేది. ఎంతసేపు రాస్తావని అడిగితే ఆదివారం ఆరు గంటలని చెప్పినా. "ఒకేసారి వేసుకోవాల్సిన మాత్ర రోజుకొకటి. రోజుకింత రాయాల్సిన రాత ఒకేసారి. రెండూ తిరగేసినావే తల్లీ" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పుండ్లు మానాక నవ్వింది అదే మొదటిసారి.

ఆమె చెప్పినట్టు రోజూ పది లైన్లు రాయడం మొదలుపెట్టినా. నొప్పి వచ్చినాక కాదు, రాకముందే ఆపాల. రేపటి లైనుకి మొదటి మాట ఈరోజే రాసి పెట్టుకోవాల. ఆదివారం రాసినవాటికంటే ఇవే బాగున్నాయి, అదీ నిజం. కానీ ఐదు నెలలే. తర్వాత పెన్ను నిలబడలేదు. ఆఖరి పరీక్షలకి స్క్రైబ్ వచ్చి నేను చెప్పింది రాసింది. పుస్తకానికి ఏ స్క్రైబ్ వస్తుంది? తొమ్మిది ముక్కలు రాసినా. పదకొండు మిగిలినాయి.

ఒకరోజు మధ్యాహ్నం మేతలు వేసి వచ్చి నాయన నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన చదివింది ఐదో తరగతి. గుంట పుస్తకంలో మేత ఎంత, చచ్చినవి ఎన్ని అని రాసే చెయ్యి. "చెప్పు" అన్నాడు.

మా గుంటల్లో రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చిన రోజు గురించి చెప్పినా. వాన పడతా ఉండిందన్న మాట రాసి పెన్ను ఆపినాడు.

"ఆ రోజు వాన యాడ పడింది?"

"బాగుంటుందని చెప్పినాలే నాయనా."

"బాగుండేదానికి లేనిది రాస్తారా? గుంట పుస్తకంలో ఇట్టా రాస్తే ఓనరు తరిమేస్తాడు. ఎండ. కొట్టేసి ఎండ అని రాస్తున్నా."

కల్పించొద్దని మేడం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఆయన ఒక్క కొట్టివేతతో ఎక్కింది. అట్టా రోజుకి పది లైన్లు రాస్తున్నాం. పదో లైను అయిపోతానే మూత పెట్టేస్తాడు, బతిమాలినా రాయడు.

మీరు చదివే ఈ మాటలు కూడా ఆయన రాసినవే. మాత్రల కాడికి వచ్చేసరికి ఆగినాడు.

"ఇది కూడానా?"

"జరిగింది గదా నాయనా."

లేచి బయటికి పోయినాడు. చానాసేపటికి వచ్చి నేను చెప్పింది చెప్పినట్టు రాసినాడు. రాసినాక నేను అడక్కుండానే రెండు లైన్లు కలిపినాడు: డాక్టరు వారానికి ఒకసారి అన్నాడు. నేను ఇన్నాను.

"కొట్టేయమంటావా?" అన్నాడు.

వద్దన్నాను.

ఇప్పుడు పొద్దున పూట ఎడమచెయ్యి కూడా బిగుసుకుంటా ఉంది. అది కూడా ఇదే దారి పట్టొచ్చన్నారు. పుస్తకం పూర్తవుద్దో లేదో నాకు నమ్మకం లేదు. నాయనకి చూపు కూడా తగ్గుతోంది. మీలో ఎవరికైనా ఇట్టాంటి జబ్బుండి రాయాలని ఉంటే నేను చెప్పేది ఒక్కటే. చెయ్యి బాగైనాక రాద్దామని ఆగబాకండి. అది బాగవదు. ఈరోజే ఇంట్లో అక్షరాలొచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి, పది లైన్లు చెప్పండి, ఆ మనిషి తప్పు కూడా ఆ మనిషి చేతనే రాయించండి.