జీళ్ళాయన కాళ్ళు

మా చిన్నప్పుడు... పడవ లాకుల్లోకి దూరిందంటే చాలు, నేను మా అమ్మమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకునేవాణ్ణి. ఏడుపు బయటికి వినపడకుండా!

అమలాపురం వైపు నుంచి కొత్తపేట మీదుగా పైకి వెళ్ళే పడవ అది. మా పెద్దమ్మగారి ఊరికి అప్పట్లో అదే బస్సు, అదే రైలు. దారంతా హాయిగానే ఉండేది... గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే, నేను మరమరాలు నములుతూ, మా అమ్మమ్మ పక్కావిడతో కోడళ్ళ గురించి చెబుతూ... (ఆ కోడళ్ళ సంగతి లాకులు వచ్చేదాకా తెగేది కాదు. ఇప్పుడు మొదలెడితే నాకూ తెగదు. వదిలేద్దాం.)

లాకులు చూడనివాళ్ళకి చెబుతాను. పల్లపు కాలవలోంచి మెరక కాలవలోకి పడవ మెట్లెక్కి వెళ్ళలేదు కదా... అందుకని మధ్యలో అటూ ఇటూ ఎత్తు గోడలు, ముందొక తలుపు, వెనకొక తలుపు. పడవ లోపలికి రాగానే లాకుల లస్కరు వెనక తలుపు మూసేవారు. ముందు తలుపు తూములు ఎత్తేవారు. పై నీళ్ళు లోపలికి దూకేవి. నీళ్ళతో పాటు పడవా లేచేది.

ఇదంతా ఇప్పటి తెలివి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే... పాచి పట్టిన గోడల మధ్య గోతిలో ఉన్నాం, వెనక తలుపు మూసేశారు, ముందు నుంచి నీళ్ళు గర్జిస్తూ వస్తున్నాయి. ఇక మునిగిపోవడమే!

పడవ నడిపే సరంగు నా మొహం చూసి పగలబడి నవ్వేవాడు. "ఏవండీ బాబుగారూ, ఎందుకండీ కంగారు? ఈ నీళ్ళు తమర్ని ముంచడానికి రాలేదండి. పైకెత్తి, గట్టు మీద జీళ్ళు కొనిపించడానికొచ్చాయండి!"

నిజమే. మెల్లగా వెలుతురు వచ్చేది. కళ్ళు గోడ అంచుకి చేరేసరికి మొట్టమొదట కనిపించేవి జీళ్ళమ్మే ఆయన కాళ్ళు. పగిలిన మడమలు, బొటనవేలికి రాగి చుట్టు. తరవాత పంచె, తరవాత బెల్లం జీళ్ళ బుట్ట, అన్నిటికన్నా ఆఖర్న మొహం. ఆ మొహం ఇప్పుడు గుర్తు లేదు. కాళ్ళు మాత్రం ఎక్కడ చూసినా పోల్చుకోగలను.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా మనవరాలు గ్రేసీ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏడో క్లాసు. "భయం గేము తాతయ్యా. చిన్నదే, భోజనాల్లోపు అయిపోద్ది" అంది. నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను.

అంతా చీకటి, చినుకులు. మాటల్లేవు, పాటల్లేవు. బుర్రకి మించిన టోపీ పెట్టుకుని ఒక బుడ్డోడు పరిగెడుతుంటాడు. గోడలెక్కాలి, పెట్టెలు తొయ్యాలి, బయటపడే దారి కనిపెట్టాలి. వెనక ఎవడో వస్తుంటాడు... మనిషి కనపడడు, తాళాల గుత్తి గలగల మాత్రం వినపడుతుంది. నేనేం భయపడలేదండీ. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాను, అంతే.

బుడ్డోడు చివరికి ఒక గోతిలో చిక్కుకున్నాడు. అందులో ఓ చెక్క పెట్టె, గోడకో చక్రం. చక్రం తిప్పితే పైనుంచి నీళ్ళు. తిప్పినప్పుడల్లా ఆ నీళ్ళు పెట్టెనీ వాణ్ణీ కలిపి, వచ్చిన తలుపులోంచే వెనక్కి ఈడ్చుకుపోయేవి. తిన్నగా ఆ తాళాలవాడి దగ్గరికి! గలగల... మళ్ళీ మొదలు.

గ్రేసీ విసిగిపోయింది. "ఇది అవ్వదు తాతయ్యా. తీసేస్తన్నాను."

"తీసేస్తే వాడేమవుతాడే?"

"ఏమవుతాడు? గేమే కదా!"

"గేమైతే మాత్రం? పసివాణ్ణి గోతిలో వదిలేసి మనం కోడికూర ఎలా తింటామే?"

ఈలోగా మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. "ఏవండీ, వడ్డించీమంటారా?" అంటూనే తెర వైపు చూసి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అయ్యో, ఎవరి పిల్లోడే వీడు?"

అప్పుడు చూశాను... ఆ గోడల మీద పాచి.

"అమ్మడూ, వెనక తలుపు మూసుకుంటుందా?"

"మూసుకుంటది. కానీ వాడొస్తే పారిపోడానికి దారుండదు తాతయ్యా!"

"ముయ్యవే. ఇవి లాకులు! వెనక తలుపు తెరిచి తూము ఎత్తితే ఏ పడవా లేవదు. పెట్టెని చక్రం కిందికి తోసి, బుడ్డోణ్ణి దాని మీదికెక్కించి, అప్పుడు తిప్పు."

మూసింది. చీకటి ఇంకా చిక్కబడింది. గలగల తలుపు దాకా వచ్చి ఆగింది. ఒక తాళంచెవి పెట్టిన చప్పుడు... పట్టలేదు. ఇంకోటి... నీళ్ళు వస్తున్నాయి. మా ఆవిడ నా భుజం పట్టుకుని ఊపేస్తోంది, గరిటెలో పులుసంతా నా చొక్కా మీదే. "మునిగిపోతన్నాడండీ! చేసిందంతా మీరే!"

"ముంచడానిక్కాదే... జీళ్ళు కొనిపించడానికి!" అన్నాను. నాకు తెలియకుండానే సరంగు గొంతు వచ్చేసింది.

తాళం టక్కుమని తెరుచుకుంది. కానీ తలుపు కదిలితేనా? లోపలి నీళ్ళ బరువే దాన్ని బిగించి పట్టుకుంది. లాకుల తలుపూ అంతే! పెట్టె లేచింది... లేచింది... బుడ్డోడి కళ్ళు గట్టు అంచుకి వచ్చాయి. గడ్డి. చినుకులు. ఎదురుగా... ఒక జత బురద కాళ్ళు.

అంతే. తెర నల్లబడింది. గేము అయిపోయింది.

గ్రేసీ పెట్టిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది. "ఎవరివి తాతయ్యా ఆ కాళ్ళు?"

"ఎవరివేంటే... జీళ్ళాయనవి."

"ఆయ్, ఆయనవే అయ్యుంటాయి. లేవండింక అన్నాలకి" అంది మా ఆవిడ, పిల్లాడు గట్టెక్కిన ధైర్యంతో.

"జీళ్ళంటే ఏంటి తాతయ్యా?" అంది గ్రేసీ.

ఇప్పుడు లాకుల పక్క వంతెన దాటడానికి బస్సుకి ఒక్క హారన్ మోత చాలు. లోపల పడవల్లేవు, గుర్రపుడెక్క పెరిగి ఉంది. సాయంత్రం బజారంతా తిరిగితే జీళ్ళు ప్యాకెట్లో దొరికాయి. గ్రేసీకి నచ్చాయి, నాకూ బాగానే ఉన్నాయి... కాకపోతే వాటి వెనక కాళ్ళు లేవు.

మీలో ఎవరైనా అలా లాకుల్లో పడవతో పాటు పైకి తేలారా అండీ? కళ్ళు గట్టు అంచుకి రాగానే... ముందు మీకేం కనపడింది?