బీరువాలో సీలు తీయని సీసా

చాలామంది మనసులో బరువు మోస్తారు. నా బరువు బీరువాలో ఉంది. ముప్పావు లీటరు విస్కీ, దళసరి గాజు సీసా, పైన బంగారు రంగు మూత. పన్నెండేళ్లుగా దాన్ని పాత భౌతికశాస్త్రం పుస్తకాల వెనక దాచాను. ఇంటికి రంగులు వేయించినప్పుడల్లా తువ్వాలులో చుట్టి ఒక గది నుంచి ఇంకో గదికి మార్చాను. మా ఆవిడ అడిగితే స్కూలు ల్యాబుదని చెప్పాను. ఆమె నమ్మలేదని తెలుసు. అడగడం మానేసింది, అంతే. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాత్రం ధైర్యం అందుకే వచ్చింది.

నేను సూర్యాపేటలో హైస్కూలు సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మందు తాగుతాను, మితంగానే. మితంగా అనే మాటను మా ఆవిడ ఒప్పుకోదు గానీ, ఈ రాత నాది కాబట్టి అలాగే ఉండనిస్తున్నాను. ఇటు కోదాడ నుంచి అటు మిర్యాలగూడ దాకా మా చుట్టాల్లో నాకొక పేరుంది. ఖరీదైన మందు శుద్ధ దండగని ప్రయోగం చేసి మరీ నిరూపించిన మనిషినని. ఏ దావతులోనైనా ఎవరైనా ఖరీదు సీసా బయటికి తీస్తే చాలు, "ముందుగాల సారును అడుగుర్రి" అంటారు. నేను గొంతు సవరించుకుంటాను. నువ్వు ఎక్కువ పెట్టి కొన్నది అట్టపెట్టెను నాయనా, పెట్టెను తాగలేవు గదా, అంటాను. అందరూ నవ్వుతారు. ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చి బీరువా వైపు చూడకుండా పడుకున్నాను.

ఎందుకంటే ఆ ప్రయోగం అబద్ధం. అందులో మోసపోయినవాడు మా బావ.

బావంటే మా అక్క భర్త. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బియ్యం చూసి రకం చెప్పడం ఆయన పని. లారీకి ఎక్కించే ముందు సంచిలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి కొరికేవాడు. ఇవి నిరుటివి, వీటిలో కొత్తవి కలిశాయి, ఇవి సరిగ్గా ఎండలేదు, ఇలా ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అమ్మేవాడు, కొనేవాడు, ఇద్దరూ ఆయన దవడ వైపే చూస్తూ నిలబడేవారు. ఆయన చెప్పాక ఇక వాదన ఉండేది కాదు. ఇంట్లోనూ అంతే. పులుసు ఒక్క చెంచా నోట్లో వేసుకుని చింతపండు కొత్తదని చెప్పేవాడు. మా అక్క ముప్పై ఏళ్లు ఆ నాలుకకు భయపడుతూ వండింది.

నాకు ఆయన మీద అసూయ ఉండేదా? ఉండేదేమో. నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నవాణ్ణి. ఆయన ఏమీ చదవకుండా నాలుగు గింజలు నమిలి నాకంటే ఎక్కువ గౌరవం సంపాదించాడు. మా ఇంటికి వచ్చినప్పుడు బావకు మర్యాద చేయడం, మాంసం వండించి మందు పోయడం బామ్మర్దిగా నా వంతు. నేను తెచ్చే మామూలు మందు ఆయన వంక పెట్టకుండానే తాగేవాడు గానీ, తాగాక ఒకసారి నాలుక చప్పరించి ఊరుకునేవాడు. ఆ చప్పరింత నాకు నచ్చేది కాదు.

సూర్యాపేటలో నేను ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసిన మర్నాడు మధ్యాహ్నం దావతు పెట్టాను. బావ కోదాడలో పని చూసుకుని, అక్కడే ఈ సీసా కొని తెచ్చాడు. "ఇయ్యాల అందరికి గిదే పొయ్యి బామ్మర్ది" అని నా చేతిలో పెట్టాడు. నేను తేడా ఏమీ ఉండదన్నాను. ఉంటుందని ఆయన అన్నాడు. చుట్టాలంతా చుట్టూ చేరి పందెం పెట్టించారు. నేను లోపల మూడు గ్లాసుల్లో పోసి తేవాలి, ఒకదానిలో ఆయన సీసాది, రెండింటిలో నాది. ఆయన తన మందు ఏదో కనిపెట్టాలి.

వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. రంగు కనపడకూడదని స్టీలు గ్లాసులు తీశాను. అంతవరకూ నేను సైన్సు మాస్టారునే. ఆయన సీసా మూత మీద చెయ్యి పెట్టాక ఆగిపోయాను. ఆయన కనిపెడతాడు. పదిమందికీ తెలియకపోయినా ఆయనకు తెలుస్తుంది. ఆ సంగతి లోలోపల నాకు తెలుసు. ఖరీదు మందు దండగని ఇన్నాళ్లూ నేను వాగిందంతా నా కొత్త ఇంట్లో, నా చుట్టాల ముందే పోతుంది. మూత మీది చెయ్యి తీసేశాను. మూడు గ్లాసుల్లోనూ నా మామూలు మందే పోశాను. ఏ గ్లాసు చూపించినా కాదంటే సరిపోతుంది కదా. ప్రయోగంలో వచ్చింది వచ్చినట్టు రాయండిరా అని పిల్లలకు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, నేను చేసిన పని అది.

బావ ఎప్పటిలాగే వేలు ముంచి పెద్దల పేరు మీద రెండు చుక్కలు నేల మీద చల్లాడు. ఒక్కో గ్లాసూ కొంచెం కొంచెం తాగాడు. మధ్యలో నీళ్లతో పుక్కిలించాడు. దవడ ఆగింది. నన్ను చూశాడు.

"మూడూ ఒక్కటే గదా బామ్మర్ది."

ఏ గ్లాసు చూపించినా ఏం చెప్పాలో అనుకున్నాను. ఏదీ చూపించకపోతే ఏం చెప్పాలో అనుకోలేదు.

"జర మళ్ల సూడు బావా."

"ఎన్నిమాట్ల సూసినా గంతే. నేను తెచ్చింది వీట్ల లేదు."

"ఉన్నది బావా. నడుమ గ్లాసుల పోసింది నీదే."

"నిజమేనా?"

"సైన్సు సారును, నేనెందుకు అబద్ధం జెప్త?"

ఇల్లంతా నవ్వు. బావ నడిమి గ్లాసు మళ్లీ తీసుకుని చివరి చుక్క దాకా తాగాడు. ఆయనా నవ్వాడు. "అట్లనా. అయితే నా నాలుక పని అయిపోయినట్టే. ఆ సీసాల మిగిలింది నువ్వే ఉంచుకో బామ్మర్ది, నాకు దండుగ" అన్నాడు. వంటింట్లోకి వచ్చి సీసా చూడనైనా లేదు. చూసి ఉంటే సీలు తీయలేదని అప్పుడే తెలిసిపోయేది.

ఆ కథ నాకంటే ముందు మిర్యాలగూడ చేరింది. మిల్లుల్లో ఆయన్ను ఆటపట్టించారు. ఆయనా కలిసి నవ్వాడు, మనిషి అలాంటివాడు. కానీ అప్పటినుంచి గింజలు రెండుసార్లు కొరకడం మొదలుపెట్టాడట. పక్కవాణ్ణి నీకెట్లా ఉందని అడగడం మొదలుపెట్టాడట. అక్క ఒకసారి మా ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పింది: "ఉప్పు సరిపోయిందా అని ఇప్పుడు నన్నే అడుగుతుండురా. నా పానం హాయిగున్నది." నేనూ నవ్వాను. నవ్వి లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను. ఇంకో రెండేళ్లకు బావ మిల్లులకు వెళ్లడం మానేసి ఖాళీ సంచుల దుకాణం పెట్టుకున్నాడు. వయసైందన్నాడు. వయసేనేమో. నేను ఆ పని చేయకపోయినా మానేసేవాడేమో. ఇలా నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో, ఒక్కసారైనా నమ్మి ఉంటే సీసా సీలు తీసి తాగేసేవాణ్ణి. నిజంగా అది మామూలుదానికంటే బాగుంటుందా? అంత పెట్టి కొనవచ్చా? ఊరందరికీ తీర్పు చెప్పాను గానీ నాకు తెలియదు. నేను ఎప్పుడూ రుచి చూడలేదు.

మొన్న అక్కకు ఒడిబియ్యం పోశాం. ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, అన్నదమ్ములం పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోస్తాం కదా, అది. బియ్యం నేనే కొన్నాను. పసుపు కలపక ముందు బావ అలవాటుగా సంచిలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు కొరికాడు. దవడ ఆగింది. ఆ పాత ముఖం ఒక్క క్షణం కనిపించింది. నాకు సంతోషమేసింది, నిజం. అంతలోనే ఆయన నా వైపు తిరిగాడు.

"ఏమంటవ్ సారూ, పాతయేనా?"

కొత్తవీ పాతవీ నాకేం తెలుసు? దుకాణంవాడు పాతవని చెప్పాడు. "పాతవే బావా" అన్నాను.

"అట్లనా" అన్నాడు. మిగిలిన గింజలు సంచిలో వేసేశాడు.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది. "ఏం బియ్యం దెచ్చినవురా, వండితే జావ అయితున్నయి." వెనక నుంచి బావ గొంతు వినిపించింది. "బియ్యం మంచియే. సారు జూసే తెచ్చిండు. నువ్వే నీళ్లు ఎక్కువ వోసినవ్."

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. గింజ కొరికినప్పుడే ఆయనకు తెలుసు. తెలిసి కూడా తన నాలుకను కాదని నా మాట నమ్మాడు. ఆ మాటను వెనకేసుకొచ్చి అక్కతో తగువు కూడా పెట్టుకుంటున్నాడు.

ఆదివారం మిర్యాలగూడ వెళుతున్నాను. సీసా బయటికి తీసి దుమ్ము తుడిచాను. మా ఆవిడ చూసి, "ల్యాబుదా?" అంది. అవునన్నాను. సీలు చూస్తే బావకు అంతా అర్థమవుతుంది, నేను వివరించాల్సిన పని లేదు. కోప్పడతాడో, నవ్వి ఊరుకుంటాడో, ఇకమీదట నన్ను బామ్మర్ది అని పిలవడో తెలియదు. అక్క మాత్రం నన్ను వదలదు. ఆమె కూరలకు మళ్లీ వంకలు మొదలవుతాయి, దానికి కారణం నేనే. చుట్టాల్లో నా పేరు ఎటూ పోతుంది. పోనీ.

ఆయన ముందు కూర్చున్నాక నోరు పెగులుతుందో లేదో. అందుకే ముందు ఇక్కడ రాసి పెడుతున్నాను, రాస్తుంటేనే కొంచెం తేలికగా ఉంది. మూడు గ్లాసుల్లోనూ ఒకటే మందు బావా. నువ్వు తెచ్చింది అందులో లేదు. ఈ బియ్యం కూడా కొత్తవే.