ఎర్రదీపానికి దండం

చెల్లెలి పెళ్లినీ, ఒక కారు ఇంజన్‌నూ ఒకే పూట గండంలోకి నెట్టిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, తీరిగ్గా వినండి.

అప్పట్లో కొత్తగా కారు కొన్నాను. కొత్త నాకే, అది అప్పటికే లోకం చూసిన కారు. ఇంజన్ ఆయిల్ గురించి నాకొక సిద్ధాంతం ఉండేది. దేవుడి గూట్లో దీపం లేదూ? నూనె తగ్గితే పోస్తాం, వెలుగుతూనే ఉంటుంది. ఎవరైనా పారబోస్తారా? వేరుశనగ పండించే ఇంట పుట్టినవాణ్ణి, నూనె పారబోయడమంటే ప్రాణం విలవిల్లాడుతుంది. అందుకే ఆయిల్ తగ్గినప్పుడల్లా పైన కాస్త పోసేవాణ్ణి. మార్చడమన్న మాటే లేదు.

"బండితో ఇచ్చిన పుస్తకంలో రాసుండాది. వాళ్లు చెప్పినంత దూరం తిరిగినా, ఏడాది గడిచినా, ఏది ముందొస్తే అప్పుడు మార్చల్లంట," అనేది నా భార్య పద్మ.

"మంచి నూనెను మోరీలో పోయమంటావా?" అనేవాణ్ణి.

చెల్లెలి పెళ్లినాడు పొద్దున్నే ఇద్దరం హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లాం. ముహూర్తం చీర అప్పుడే మగ్గం దిగింది. మధ్యాహ్నం పీటల మీద చెల్లెలు కట్టుకోవాల్సింది అదే. పద్మ దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది.

తిరుగుదారిలో పెనుకొండ కొండ దూరాన నీలంగా, కునుకుతీస్తున్న ఏనుగులా కనిపించింది. చేల మీద మబ్బునీడలు మెల్లగా జరుగుతున్నాయి. కొత్త పట్టు వాసన, ఇంజన్ జోలపాట... నేను రోడ్డు మీద లేను, ఆ మబ్బుల్లో ఎక్కడో నడుపుతున్నాను.

అప్పుడే స్టీరింగ్ వెనక ఎర్రగా ఒక బొమ్మ వెలిగింది. ముక్కున్న చిన్న ప్రమిద, కొసన ఒక చుక్క.

"పద్మా, చూడు! శుభకార్యానికి పోతాంటే బండిలో దీపం ఎలిగింది!" ఎడమచేత్తో తాకి కళ్లకద్దుకున్నాను.

"ఎర్రగా ఎలిగితే శుభమా? ముందు నిలపండి!"

"దీపం ఎలిగితే నిలుపుతారా ఎవరైనా?"

జోలపాట కాసేపటికి రోకటిపోటయింది. తర్వాత అదీ లేదు. ఆ ఏనుగు కొండ ముందే కారు మొండికేసి కూర్చుంది.

గొర్రెల్ని హిందూపురం తోలుకుపోతున్న మినీలారీ ఆగింది.

"ఏమప్పా, ఈడ నిలబడినారే?" పెళ్లి సంగతి చెప్పగానే డ్రైవర్ దిగి, బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ లాగాడు. "ఇది ఆయిలా, కాటుకా? అడుగున మడ్డి గడ్డకట్టింటాది. ఆయిల్ పైకి రాక, ఇనుమూ ఇనుమూ రాసుకొని పట్టేసింటాది. ఈ బండి పెండ్లికి రాదులే. మీరెక్కండి."

చీరతో పద్మ ముందు సీటెక్కింది.

"మరి నాకు ఎనక జాగా ఉండాదా?"

"గొర్రెల్ని అడగప్పా!"

ముహూర్తం తప్పలేదు. చెల్లెలు చీర అందుకుని, నన్ను చూసి ముక్కు మూసుకుంది.

"అన్నా, తలంబ్రాలు అయ్యేదాకా నా పక్కకి రావద్దు!"

సాయంత్రం ఉక్రోషం ఆపుకోలేక పద్మను అడిగాను. "దీపంలో నూనె మార్చరు గదా, కారులో మాత్రం ఎందుకంట?"

"మార్చరని ఎవరు చెప్పినారు? ప్రతి గురువారం కుందుల్లో నల్లమడ్డి తీసి, చింతపండుతో తోమి, కొత్త వత్తి, కొత్త నూనె ఏస్తాండేది నేను. మీరు శుక్రవారం దండం పెట్టుకునేదానికి వస్తారు, అంతే."

కాబట్టి, పెనుకొండ కొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆయిల్ గడువు దాటనివ్వను. ఆయిల్‌ను వడగట్టే ఫిల్టర్‌నీ, వత్తి మార్చినట్టే మారుస్తాను. గురువారం కుందులు నేనే తోముతాను. ఇంజన్‌కు ఆయిల్ అందడం లేదని కారులో ఎర్రదీపం వెలిగితే బండి ఆపుతాను; దండమంటూ పెడితే పద్మకే పెడతాను.